ఆ సేవకుడు విన్న దుఆ

అసర్ నమాజ్ ముగిసి జమాత్ వారంతా వెళ్ళిపోయిన తర్వాత ఒక యువకుడు మా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళు ఇంకా నిండి ఉండవు. సలాం చెప్పి కాసేపు చాప అంచును గోటితో గీకుతూ ఉండిపోయాడు. తర్వాత నెమ్మదిగా, "హజ్రత్, నాలుగు నెలల నుంచి నిద్ర పట్టడం లేదు. పొద్దున డ్యూటీకి బయలుదేరుతుంటే గుండె దడదడలాడుతుంది. డాక్టరు పరీక్షలన్నీ చేసి ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకోమన్నాడు. ఏదైనా చదువుకోవడానికి చెప్పండి" అన్నాడు.

మేము అతన్ని మరేమీ అడగలేదు. చింత నుండి, దుఃఖం నుండి అల్లాహ్ శరణు కోరే మస్నూన్ దుఆ ఒకటి చీటీ మీద రాసిచ్చాం. సబ్ర్ చేయమన్నాం. అల్లాహ్ సహనశీలురకు తోడుగా ఉంటాడని ధైర్యం చెప్పి పంపించాం. ఇలా వచ్చేవారికి ఇలా చెప్పి పంపడం మాకు అలవాటు. వచ్చేవారు మారతారు గానీ మా మాటలు మారవు.

రెండు నెలల తర్వాత అతను మళ్ళీ వచ్చాడు. ఈసారి తనే అంతా చెప్పుకొచ్చాడు. సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో కౌంటరు దగ్గర అతని పని. నెలకు ఇంత రావాలని యజమాని ఒక లెక్క పెట్టాడు. నిజాయితీగా పనిచేస్తే ఆ లెక్క అందదు. అందుకని చార్జింగ్ పెట్టే చోట దుమ్ము పేరుకున్న ఫోను వచ్చినా లోపల బోర్డు పోయిందని చెప్పాలి. ఒకరోజు ఒక వృద్ధురాలు వచ్చింది. కొడుకు దమ్మామ్‌లో డ్రైవరు. వారానికొకసారి ఆ ఫోనులోనే మాట్లాడతాడు. సూదితో దుమ్ము తీస్తే సరిపోయే ఆ ఫోనుకు ఈ అబ్బాయి 1,800 రూపాయలు తీసుకున్నాడు. ఆమె కొంగు ముడి విప్పి నోట్లు లెక్కపెట్టి ఇచ్చి, అల్లాహ్ నీకు మేలు చేయాలి బేటా అని దీవించి వెళ్ళింది.

"ఆ రాత్రి కూడా మీరిచ్చిన దుఆ చదివాను హజ్రత్. నిద్ర పట్టేసింది. అదే నాకిప్పుడు భయమేస్తోంది" అన్నాడు.

ఆ మాటకు మా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. రోగమేమిటో అడగకుండానే మందిచ్చామని మాత్రం అర్థమైంది. ఆ తర్వాత ఈ విషయం మీద ఖుర్ఆన్‌లో, హదీసుల్లో మేము చూసినవి, ఆలోచించినవి పాఠకుల ముందు పెడుతున్నాం.

మొదట ఒక అపోహను తొలగించుకోవాలి. మన ఇళ్ళలో ఎవరైనా ఉద్యోగంలో ఒత్తిడి అని, మనసు బాగాలేదని అంటే, ఈమాన్ గట్టిగా ఉంటే టెన్షన్ ఎందుకొస్తుంది అనేవాళ్ళు ఉంటారు. వేదికల మీద కూడా ఇలాంటి మాటలు వింటుంటాం. ఇది దీన్ నేర్పిన మాట కాదు. హజ్రత్ యాఖూబ్ (అలై) దైవప్రవక్త. కుమారుడి ఎడబాటుతో ఆయన కళ్ళు తెల్లబడిపోయాయని సూరె యూసుఫ్ చెబుతోంది. ఆయన తన వేదనను లేదనలేదు, దాన్ని అల్లాహ్‌కే మొరపెట్టుకుంటున్నానన్నారు. ఇక సూరె హిజ్ర్ చివర చూడండి. అవిశ్వాసులు అంటున్న మాటలకు ప్రవక్త (స) గుండె ఇరుకైపోతోందని మాకు తెలుసునని స్వయంగా అల్లాహ్ అంటున్నాడు. సృష్టిలోకెల్లా బలమైన ఈమాన్ ఉన్న ఆ మహనీయుని గుండె కూడా ఇతరుల మాటలకు ఇరుకైంది! ఎందుకు ఇరుకైందని అల్లాహ్ మందలించలేదు. మాకు తెలుసునని చెప్పి, ఆ వెంటనే తన పవిత్రతను కొనియాడమని, సాష్టాంగపడే వారిలో చేరమని ఆదేశించాడు. ముందు ఓదార్పు, ఆ తర్వాత ఆదేశం. పై అధికారి నలుగురిలో అన్న ఒక మాట సాయంత్రం దాకా గుండెలో ముల్లులా గుచ్చుకుంటే, అందుకు తన ఈమాన్‌ను శంకించుకోవలసిన అవసరం ఎవరికీ లేదు.

హిజ్రీ 456లో (క్రీ.శ. 1064) మరణించిన కార్డోవా పండితుడు ఇమామ్ ఇబ్నె హజ్మ్ నీతిశాస్త్రం మీద ఒక చిన్న పుస్తకం రాశారు. మంత్రి పదవి చూసినవారు, చెరసాలా చూసినవారు. మనుషులందరూ ఒప్పుకునే, అందరూ కోరుకునే గమ్యం ఏదైనా ఉందా అని వెతికితే ఒకే ఒక్కటి కనిపించిందట ఆయనకు. అది చింతను పోగొట్టుకోవడం. ధనం వెంట పరుగెత్తేవాడు పేదరికం చింతను తప్పించుకోవడానికి, కీర్తి వెంట పడేవాడు ఎవరూ పట్టించుకోరనే చింతను తప్పించుకోవడానికి, ఇలా అందరిదీ అదే పరుగు. కానీ ఒక చింత పోగొట్టుకోవడానికి చేసిన పనే మరో చింతను తెచ్చిపెడుతుందని, పరలోకం కోసం చేసే ఆచరణ ఒక్కటే అలా తిరగబడదని ఆయన తేల్చారు. తొమ్మిదిన్నర శతాబ్దాల కిందటి మాట ఇది. జీతం పెరిగితే ఒత్తిడి తగ్గుతుందనుకుని పెద్ద ఉద్యోగంలో చేరి, అక్కడ రెట్టింపు ఒత్తిడితో నలుగుతున్న యువకులను హైదరాబాదులో ఏ మొహల్లాలోనైనా చూడవచ్చు.

ఇప్పుడు మేము ఆ యువకుడికి రాసిచ్చిన దుఆ సంగతికి వద్దాం. ఇది సహీహ్ బుఖారీలో ఉంది. అబూ దావూద్‌లోని ఒక ఉల్లేఖనంలో హజ్రత్ అబూ ఉమామా (రజి) నమాజ్ వేళ కాని వేళ మస్జిద్‌లో దిగులుగా కూర్చుని ఉంటే ప్రవక్త (స) కారణం అడిగి, చింతలూ అప్పులూ అని ఆయన చెప్పగా ఈ దుఆ నేర్పినట్టు వస్తుంది. ఆ ఉల్లేఖన పరంపర మీద హదీసువేత్తలకు అభ్యంతరాలున్నాయి. కానీ దుఆ మాత్రం బుఖారీ ఉల్లేఖనంతో స్థిరపడినదే. దాన్ని ఉల్లేఖించినది ఎవరు? హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (రజి). ఆయన ప్రవక్త (స) సేవకుడు. ప్రయాణాల్లో మజిలీ చేసినప్పుడు ఆయనకు కావలసినవి అందిస్తూ ఉండేవాణ్ణని, ఆ సమయంలో ఈ దుఆ తరచుగా ఆయన నోట వినేవాణ్ణని హజ్రత్ అనస్ చెబుతున్నారు.

ఎన్నో ఏళ్ళుగా ఈ దుఆ చదువుతున్నా ఈ సంగతి మీద మా దృష్టి నిలవలేదు. మానసిక ఒత్తిడి గురించిన ఇంత గొప్ప దుఆ ఉమ్మత్‌కు అందింది ఒక పనివాడి ద్వారా, అతను పనిలో ఉండగా! దాన్ని పలికినది ఆ పనివాడి యజమాని. అంటే పనిచేయించుకునే స్థానంలో ఉన్నవారు కూడా ఈ శరణు కోరవలసిందే.

ఆ దుఆలో ఎనిమిది విషయాల నుండి శరణు కోరడం జరిగింది. రాబోయే దాని గురించిన చింత, జరిగిపోయిన దాని గురించిన దుఃఖం, అశక్తత, సోమరితనం, లోభం, పిరికితనం, అప్పు భారం, మనుషుల పెత్తనం. ధర్మవేత్తలు వీటిని జంటలు జంటలుగా విడదీసి వివరించారు. ఉద్యోగస్థుడి మనసును విప్పి చూస్తే ఉండేవన్నీ ఇందులోనే ఉన్నాయనిపిస్తుంది. అన్నిటినీ సమానంగా వివరించడం మా ఉద్దేశం కాదు. కొన్నిటి దగ్గర మాత్రం ఆగుతాం.

చింత ముఖ్యంగా ఉపాధి గురించి. ఈ పని పోతే ఏమిటి గతి అన్నది. రిజ్ఖ్ ఇచ్చేవాడు అల్లాహ్, యజమాని కేవలం ఒక మార్గం అని మనందరం నోటితో అంటాం. కానీ నెలాఖరులో జీతం ఒక రోజు ఆలస్యమైతే మన రక్తం చల్లబడిపోతుంది. హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన హదీసులో తవక్కుల్‌కు పక్షుల ఉదాహరణ వచ్చింది. అవి ఉదయం ఖాళీ కడుపుతో వెళ్ళి సాయంత్రం నిండు కడుపుతో తిరిగివస్తాయి. ఇక్కడ గమనించవలసింది, అవి గూటిలో కూర్చోవు, వెళ్తాయి. అయితే రేపటి గింజ ఎక్కడుందోనని రాత్రంతా మేలుకునీ ఉండవు. పని మనది, ఫలితం ఆయనది. పని సరిగా చేశానా లేదా అనే చింత ఉండాలి, అది అమానత్. రిజ్ఖ్ వస్తుందా రాదా అనే చింత మన పద్దులోది కాదు. చాలామందిలో ఈ రెండూ తారుమారై ఉన్నాయి. పని దగ్గర అశ్రద్ధ, జీతం గురించి ఆందోళన.

అశక్తత, సోమరితనం అనేవి పైకి ఒకేలా కనిపిస్తాయి. రెండింటిలోనూ పని జరగదు. కానీ ఒకటి చేయలేకపోవడం, రెండవది చేయకపోవడం. పనిచోట ఒత్తిడిలో సగం ఈ రెండింటి మధ్య గందరగోళం వల్లనే వస్తుందని మాకనిపిస్తుంది. యజమాని అశక్తతను సోమరితనం అంటాడు. ముగ్గురు చేయవలసిన పని ఒక్కడి మీద వేసి, అది పూర్తికాకపోతే నువ్వు బద్ధకస్థుడివని తిడతాడు. పనివాడు ఒక్కోసారి తన సోమరితనాన్ని అశక్తత అని చెప్పుకుంటాడు. ఆత్మను మోసం చేసుకోకుండా, నాది వీటిలో ఏది అని రోజుకొకసారి ప్రశ్నించుకుంటే చాలా బరువు దిగుతుంది. సోమరితనమైతే తౌబా చేసుకుని నడుం బిగించాలి. అశక్తతైతే?

అశక్తతైతే సహాయం అడగాలి. దీనికి మనకు హజ్రత్ మూసా (అలై) ఆదర్శం. ఫిరౌన్ దగ్గరికి వెళ్ళమన్న ఆదేశం వచ్చినప్పుడు ఆయన చేసిన ప్రార్థన సూరె తాహాలో ఉంది. గుండెను విశాలం చేయమన్నారు. పనిని సులభం చేయమన్నారు. నాలుక ముడి విప్పమన్నారు. నా సోదరుడు హారూన్‌ను నాకు తోడుగా ఇవ్వమన్నారు. పని అప్పగించినవాడు అల్లాహ్, అప్పగించుకున్నవాడు గొప్ప ప్రవక్త. అయినా ఈ పని నేనొక్కడినే మోయలేను, ఒక మనిషిని ఇవ్వమని అడగడం తవక్కుల్‌కు విరుద్ధం కాలేదు. అల్లాహ్ ఆ మనవిని తిరస్కరించనూ లేదు, అడిగినవన్నీ ఇచ్చానన్నాడు. మన వాళ్ళు మాత్రం అడిగితే చేతకానివాడంటారేమోనని నోరు విప్పరు. పన్నెండు గంటలు పనిచేసి ఇంటికొచ్చి పిల్లల మీద అరుస్తారు. దీనికి సబ్ర్ అని పేరు పెడతారు! సబ్ర్ అంటే సత్యం మీద స్థిరంగా నిలబడటం. నోరు మూసుకోవడం కాదు.

పిరికితనం కూడా దుఆలో ఉంది కదా. ఒక సామెతలాగా వాడుతున్నాం మనం, 'నౌకరీ కదా, ఏం చేస్తాం' అని. ఆ ఏం చేస్తాం అనే మాట వెనకాల ఎన్నెన్ని దాగి ఉంటాయో అల్లాహ్‌కే ఎరుక. జుహర్ నమాజ్‌కు పది నిమిషాలు అడగడానికి ధైర్యం చాలక ఏళ్ళ తరబడి ఖజా చేసుకున్నవారిని మేము చూశాం. అడిగి చూస్తే చాలా చోట్ల ఇస్తారు. ముస్లిమేతర సోదరులైన యజమానులు ఎందరో నమాజ్‌కు పంపిస్తూనే ఉన్నారు. కానీ ఆ పది నిమిషాలను నలభై చేసుకుని, మస్జిద్ గోడకానుకుని ఫోను చూస్తూ కూర్చునేవాడి వల్ల తర్వాత వచ్చేవాడికి ఆ అనుమతి దొరకదు. ఇదీ గుర్తుంచుకోవాలి. కొలిచి తీసుకునేటప్పుడు పూర్తిగా తీసుకుని ఇచ్చేటప్పుడు తగ్గించేవారికి సూరె ముతఫ్ఫిఫీన్‌లో వినాశం ఉందని హెచ్చరిక వచ్చింది. తూకం రాళ్ళకే కాదు, పని గంటలకూ అది వర్తిస్తుందని ఉలమా చెబుతారు.

అప్పు భారం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. ఎందుకంటే ఈ గొలుసు మొదలయ్యేది చాలాసార్లు అక్కడే. ప్రవక్త (స) నమాజ్‌లో అప్పు నుండి తరచుగా శరణు కోరేవారని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. ఇంతగా ఎందుకు కోరుతున్నారని ఒకరు అడిగితే, అప్పులో పడిన మనిషి మాట్లాడితే అబద్ధమాడతాడని, మాటిస్తే తప్పుతాడని ఆయన సమాధానమిచ్చారు. అంటే అప్పును కేవలం డబ్బు సమస్యగా ఆయన చూడలేదు. మనిషి నడవడిని విరిచేసే విషయంగా చూశారు. అన్యాయం చేయమంటున్న యజమానికి వద్దని చెప్పలేకపోవడానికి కారణం వెతికితే, ఎక్కువసార్లు అది ఇంట్లో దొరుకుతుంది. చెల్లెలి నికాహ్‌కు చేసిన అప్పు. వలీమాకు వెయ్యి మందిని పిలవకపోతే పరువు పోతుందన్న తల్లి మాట. పక్కింట్లో కొన్నారని వాయిదాల మీద తెచ్చిన బండి. ఆ వాయిదాల మీద వడ్డీ సంగతి వేరే చెప్పాలా! ప్రతి వాయిదా మనిషి మెడ మీద మరో చేయి వేస్తుంది. అప్పుడు వాడు యజమాని ముందు తల ఎత్తలేడు. కాబట్టి సోదరీమణులతో, పెద్దలతో మా మనవి. మీ అబ్బాయి, మీ భర్త పని నుంచి మౌనంగా ఇంటికి వస్తున్నాడంటే, ఎంత తెచ్చావని అడిగే ముందు ఎలా తేవలసి వస్తోందని అడగండి.

ఉద్యోగం చేస్తున్న సోదరీమణుల ఒత్తిడి ఇంకో రకం. బడిలో, ఆసుపత్రిలో పని ముగించుకుని వస్తే ఇంట్లో మరో డ్యూటీ ఎదురుచూస్తుంటుంది. బీడీలు చుట్టే తల్లులకైతే ఇల్లే కార్ఖానా, విరామమన్నదే లేదు. ప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో ఉండేవారని, నమాజ్ వేళ కాగానే వెళ్ళేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. ఈ సున్నత్‌ను మన మగవాళ్ళు ఎక్కడ పెట్టి మరిచిపోయారో తెలియదు.

ఇక చివరిది, మనుషుల పెత్తనం. ఇది ఇద్దరికీ సంబంధించినది. పెత్తనం కింద నలిగేవాడికి, పెత్తనం చేసేవాడికి. మన పాఠకుల్లో చిన్నచిన్న దుకాణాలు, మెకానిక్ షెడ్లు, టైలరింగ్, హోటళ్ళు నడిపేవారు ఎందరో ఉన్నారు. వారు కాస్త ఓపికగా చదవాలి.

హజ్రత్ అనస్ (రజి) పదేళ్ళు ప్రవక్త (స) సేవలో ఉన్నారు. ఆ పదేళ్ళలో ఒక్కసారి కూడా తనను ఛీ అనలేదని, చేసినదాన్ని ఎందుకు చేశావని, చేయనిదాన్ని ఎందుకు చేయలేదని అడగలేదని ఆయన చెప్పారు. ఒక సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. ప్రవక్త (స) ఏదో పని మీద పంపారు. అనస్ చిన్న పిల్లవాడు. దారిలో బజారులో పిల్లలు ఆడుకుంటుంటే అక్కడే నిలబడిపోయాడు. కొంతసేపటికి వెనక నుంచి ఎవరో మెడ పట్టుకున్నారు. తిరిగి చూస్తే ప్రవక్త (స) నవ్వుతున్నారు. చెప్పిన చోటికి వెళ్ళావా అని ముద్దుపేరుతో పిలిచి అడిగారు. ఇదిగో వెళ్తున్నానని పిల్లవాడు బదులిచ్చాడు. అంతే, కథ అయిపోయింది. ఇప్పుడు మన షెడ్డులో స్పానర్ ఇవ్వడం ఒక్క క్షణం ఆలస్యం చేసిన కుర్రాడికి ఏం జరుగుతుందో తలచుకోండి. వాడి తల్లిని కూడా వదలం మనం. హజ్రత్ అబూజర్ (రజి) ఒకసారి ఒక వ్యక్తిని తల్లి పేరెత్తి ఎగతాళి చేసినందుకు, నీలో ఇంకా అజ్ఞానకాలపు వాసన ఉందని ప్రవక్త (స) మందలించారు. మీ సేవకులు మీ సోదరులని, తాము తినేదే వారికి పెట్టాలని, తొడిగేదే తొడిగించాలని, శక్తికి మించిన పని అప్పగించవద్దని, అప్పగిస్తే స్వయంగా చేయి కలపాలని బోధించారు. ఆ తర్వాత హజ్రత్ అబూజర్ రబజాలో ఉండగా చూసినవారు ఆయన మీద, ఆయన బానిస మీద ఒకే రకం బట్టలు చూసి ఆశ్చర్యపోయి కారణం అడిగారు. అలా ఈ హదీసు మనకు చేరింది. బానిస విషయంలోనే ఇంత హక్కు ఉంటే, స్వేచ్ఛగా వచ్చి కూలికి చేరిన మనిషి హక్కు ఎంత ఉంటుంది?

మద్‌యన్‌లోని ఆ వృద్ధుడు హజ్రత్ మూసా (అలై)ను పనిలో పెట్టుకున్నప్పటి ఒప్పందాన్ని సూరె ఖసస్‌లో చదవండి. మూసా అప్పుడు ప్రాణభయంతో పారిపోయి వచ్చిన పరదేశి. ఇల్లు లేదు, తిండి లేదు. నీవు ఏ మేలు దించినా నాకు అవసరమే ప్రభూ అని చెట్టు నీడన మొరపెట్టుకున్న మనిషి. ఇలాంటివాడు దొరికితే ఏ షరతుకైనా ఒప్పుకుంటాడు. కానీ ఆ పెద్దాయన ఎనిమిదేళ్ళని గడువు ముందే చెప్పాడు. పదేళ్ళు చేస్తే అది నీ ఇష్టమన్నాడు. నిన్ను కష్టపెట్టాలని లేదన్నాడు. గడువు స్పష్టం, అదనపు పని పనివాడి ఇష్టం, కష్టపెట్టననే మాట. అవసరంలో ఉన్నవాడి అవసరాన్ని ఆయన వాడుకోలేదు. దాని ఫలితం కూడా చూడండి. మూసా ఆ రెండింటిలో ఎక్కువ గడువునే పూర్తిచేశారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పారు.

పని గంటల ప్రభావం గురించి ఈ కాలపు పరిశోధన కూడా ఒకటి చెబుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అంచనా ప్రకటించాయి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35-40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే పక్షవాతం ప్రమాదం 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ప్రమాదం 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క సంవత్సరంలోనే ఇలాంటి పని గంటల వల్ల ప్రపంచంలో 7,45,000 మంది మరణించారని ఆ లెక్క. రోజుకు పన్నెండు గంటలు, వారానికి ఆరు రోజులు నిలబెట్టే యజమాని ఆ కుర్రాడితో 72 గంటలు చేయిస్తున్నాడు. అల్లాహ్ ఏ ప్రాణి మీదా దాని శక్తికి మించిన భారం వేయనని సూరె బఖరాలో చెప్పాడు. సృష్టికర్తే తన మీద విధించుకున్న ఈ హద్దును ఒక దుకాణదారు దాటడానికి అధికారం ఎక్కడిది? శరీరానికి కూడా నీ మీద హక్కు ఉందని హజ్రత్ సల్మాన్ (రజి) హజ్రత్ అబూ దర్దా (రజి)కు చెప్పినది నఫిల్ ఇబాదత్ విషయంలో. ప్రవక్త (స) దాన్ని సమర్థించారు. ఇబాదత్ కోసమే శరీరాన్ని అంతగా అరగదీయకూడదంటే, మరొకరి లాభం కోసం అరగదీయడం ఎలా సబబవుతుంది?

ఇక్కడ ఒక మాట. నిద్ర, ఆకలి పూర్తిగా పోయి, చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నవారు దుఆతో పాటు వైద్యుడి దగ్గరికీ వెళ్ళాలి. అల్లాహ్ దించిన ప్రతి వ్యాధికీ చికిత్సను దించాడని హదీసు. హిజ్రీ మూడు, నాలుగు శతాబ్దాలకు చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీర ఆరోగ్యంతో పాటు మనసు ఆరోగ్యం గురించి కూడా ఒకే గ్రంథంలో రాశారు. మనసుకు చికిత్స అనేది మనకు పరాయిది కాదు. భారత ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో టెలీ మానస్ పేరుతో 14416 నంబరు ప్రారంభించింది. డబ్బు ఖర్చు లేకుండా తెలుగులో మాట్లాడవచ్చు. ఇందులో సిగ్గుపడవలసింది లేదు.

ఇప్పుడు ఆ యువకుడి ప్రశ్నకు వద్దాం. దుఆ చదివితే నిద్ర పట్టింది, అదే భయమన్నాడు. అల్లాహ్ సంస్మరణతో హృదయాలు నెమ్మదిస్తాయని సూరె రఅద్‌లో ఉంది. అందరికీ తెలిసిన ఆయత్. కానీ అల్లాహ్ ప్రస్తావన రాగానే విశ్వాసుల హృదయాలు వణికిపోతాయని సూరె అన్‌ఫాల్‌లో ఉంది. ఒకే జిక్ర్, ఒకచోట నెమ్మది, ఒకచోట వణుకు. ఈ రెండూ ఎలా పొసగుతాయి? సూరె జుమర్‌లో రెండూ ఒకే ఆయత్‌లో వస్తాయి. తమ ప్రభువుకు భయపడేవారి చర్మం ఆ వాణి విని జలదరిస్తుంది, ఆ తర్వాత వారి చర్మాలూ హృదయాలూ మెత్తబడి అల్లాహ్ స్మరణ వైపు మొగ్గుతాయి. వరుస గమనించండి. ముందు జలదరింపు, తర్వాత మెత్తదనం. మొదటిది లేకుండా రెండవది మాత్రమే కావాలనుకున్నవాడు జిక్ర్‌ను నిద్రమాత్రలా వాడుకుంటున్నాడు.

పనిచోట మనసు మీద పడే బరువులన్నీ ఒకటి కావు. ఇతరులు మోపిన బరువు ఉంటుంది. దాన్ని తగ్గించమని అడగాలి, తగ్గకపోతే మోయడానికి అల్లాహ్ శక్తి కోరాలి. మనం అనవసరంగా ఎత్తుకున్న రేపటి చింత ఉంటుంది. దాన్ని దించేయాలి. మరొకటి ఉంటుంది. పాపమంటే గుండెలో గుచ్చుకునేదని, ఇతరులకు తెలియడం నీకు ఇష్టం లేనిదని ప్రవక్త (స) చెప్పారు. ఆ గుచ్చుకోవడం రోగం కాదు. లోపల ఇంకా ప్రాణం ఉందనడానికి గుర్తు. దాన్ని ఓర్చుకోవడం సబ్ర్ కాదు, దుఆతో దాన్ని జోకొట్టడం తవక్కుల్ కాదు. ముల్లు తీయాలి. ప్రవక్త (స) ధాన్యపు రాశిలో చేయి పెట్టి లోపలి తడిని పైకి తీసిన సంఘటనలో, మోసం చేసేవాడు మావాడు కాడన్న మాటలో మినహాయింపులేవీ లేవు. యజమాని చెప్పాడు కాబట్టి అనేది అందులో లేదు.

అయితే రేపే రాజీనామా చేయమని అతనికి మేము చెప్పలేదు. చెప్పడం సులభం. కానీ అతని తండ్రికి షుగర్, ఇన్సులిన్ కావాలి. అక్క నికాహ్ అప్పు ఉంది. ఆ ఇంటి ఖర్చు మేము పెట్టం కదా! ఉద్యోగంలో ఉండటం వేరు, ఆ అబద్ధం ఆడటం వేరు అని మాత్రం చెప్పాం. అబద్ధాన్ని ఈ రోజే ఆపాలి, దానికి గడువు లేదు. ఉద్యోగానికి ప్రత్యామ్నాయం వెతకడానికి గడువు ఉంది. ఎవరైతే అల్లాహ్‌కు భయపడతారో వారికి ఆయన మార్గం తెరుస్తాడని, ఊహించని చోటి నుంచి ఉపాధినిస్తాడని సూరె తలాఖ్‌లో వాగ్దానం ఉంది. అది తలాఖ్ విషయాల మధ్య వచ్చిన ఆయత్, అంటే మనిషి బతుకు తలకిందులైన సందర్భంలో ఇచ్చిన వాగ్దానం. ఆ వృద్ధురాలి డబ్బు సంగతి అతనే ఎత్తాడు. తౌబా చేసుకున్నా అది తోటిమనిషి హక్కు, చెల్లించాల్సిందేనన్నాం.

తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పాలి. అతను యజమానితో మాట్లాడాడు. కౌంటరు మీద ఉంటే ఉన్నది ఉన్నట్టే చెబుతానన్నాడు. యజమాని తిట్టాడు, కానీ పనిమంతుడు కాబట్టి పంపేయలేదు. వెనక బల్ల దగ్గర రిపేరు పనికి మార్చాడు. అమ్మకాల మీద వచ్చే అదనపు డబ్బు పోయింది. ఇప్పుడు జీతం తక్కువ. తలుపులన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయని చెప్పలేం. రెండు వారాలు బిల్లుల్లో వెతికి ఆ వృద్ధురాలి ఇల్లు కనుక్కుని డబ్బు ఇచ్చి వచ్చాడు. ఆమెకు మొదట అర్థం కాలేదట. అర్థమయ్యాక కాసేపు మాట్లాడలేదట. దుఆ ఇచ్చిందా అని మేము అడగలేదు, అతనూ చెప్పలేదు.

మొన్న మగ్రిబ్‌కు వచ్చాడు. నిద్ర సంగతి అడిగాం. కొన్ని రాత్రులు పడుతోంది, కొన్ని రాత్రులు పట్టడం లేదన్నాడు. అప్పు ఇంకా పదకొండు నెలలు ఉంది.